మాటకు అడ్డమున్న గోడలు

(కామారెడ్డిలో మన కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ఊర్ల నుంచి వచ్చిన కార్యకర్తల కోరిక మీద అచ్చు వేస్తున్నాం.)

 

నాకు ఇచ్చిన విషయం ఇది: మన మాట చేరాల్సిన చోటికి ఎందుకు చేరుతలేదు? చేరాలంటే ఏం చెయ్యాలె? పట్నంల దీని మీద పెద్ద పెద్ద క్లాసులు నడుస్తయి. ధైర్యంగ మాట్లాడు, కండ్లల్లకు చూసి మాట్లాడు, నవ్వుకుంట మాట్లాడు అని నేర్పుతరు. అంటే లోపమంత మాట్లాడేటోని దగ్గరనే ఉన్నదని వాళ్ల లెక్క. మన లెక్క వేరు. మన వాడలో మాట రానోడు ఎవడున్నడు? పొలం కాడ, కల్లు కాంపౌండ్ కాడ, పెండ్లి పందిట్ల మన అక్కలు మాట్లాడితే వకీళ్లు కూడ నిలబడలేరు. అదే మనిషి తహసీల్దార్ ఆఫీసు గడప తొక్కంగనే నోరు ఎందుకు ఎండిపోతది? అక్కడ గోడ ఉన్నది కాబట్టి. ఆ గోడలు దేవుడు కట్టినవి కావు. మనుషులు కట్టిన్రు. ఏ గోడ ఎవరు కట్టిన్రు, దాన్ని ఎట్ల తియ్యాలె, అదే ఇయ్యాల మాట్లాడుకుందాం.

వార్త మోసింది మనమే

ముందుగాల ఒక సంగతి యాది చేసుకోవాలె. ఊళ్లె చాటింపు వేసింది ఎవరు? డప్పు కొట్టి వాడవాడకు కబురు చెప్పింది ఎవరు? ఎండల, వానల పొరుగూరికి నడిచిపోయి చావు కబురు మోసింది ఎవరు? అంత మనోళ్లే. పోస్టాఫీసు లేని కాలంల ఊరికి పోస్టాఫీసు మనమే. కాని ఏం చాటాలన్నది గడి నిర్ణయించేది. నోరు మనది, మాట దొరది. కూలి కూడ లేదు, అది వెట్టి. అందుకనే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోరా మొదలైనప్పుడు అదొక పెద్ద మలుపు అయింది. అదే డప్పు, అదే దండోరా. చాటింది మాత్రం సొంత మాట.

అంబేద్కర్ గారు 1920 జనవరి 31న మొదలుపెట్టిన పత్రిక పేరు ‘మూక్‌నాయక్’. మూగోళ్ల నాయకుడు అని అర్థం. 1927ల పెట్టిన పత్రిక పేరు ‘బహిష్కృత భారత్’. ఒక పేరు నోరు లేనోళ్లది, ఇంకొకటి వెలివేసినోళ్లది. ఆ రెండు పేర్లల్లనే మన సమస్య ఉన్నది. అప్పుడవి కూడ మన ఈ పత్రిక లెక్కనే పదిహేను రోజులకొకసారి వచ్చేటివి.

మన హైదరాబాద్ రాజ్యంల భాగ్యరెడ్డి వర్మ గారు 1906ల జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించిండు. చదువు రాని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? కథ అయితే రాత్రంత కూసోని వింటరు. జనం ఏ దారిన వింటరో ఆ దారిన పోయిండు. ఇది మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

ఒకటో గోడ: పిలుపు, పేరు, నిలబడే తీరు

‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్న మాటను మన తాతలు ఇష్టమై అన్నరా? అనకపోతే వీపు పగిలేది. గడి ముందట చెప్పులు చేతిల పట్టుకోని, తలపాగ తీసి, వంగి నిలబడాలె. వంగి నిలబడ్డోడు తన బాధ ఎట్ల చెప్తడు? మొరపెట్టుకుంటడు. మొర వేరు, మాట వేరు. మొర పెడితే దయ అడిగినట్టు, మాట చెప్తే హక్కు అడిగినట్టు.

గడీలు కూలినయి. అలవాటు మాత్రం మన నడుములల్ల ఉన్నది. ఇప్పటికీ ఆఫీసుల కుర్చీ ఖాళీగ ఉన్నా మనోళ్లు గోడకు ఆనుకోని నిలబడతరు. పిల్లగాడంత గుమాస్త ‘ఏందిరా’ అంటే అరవై ఏండ్ల పెద్దమనిషి ‘అయ్యా’ అంటడు.

పేరు సంగతి ఇంకా అన్యాయం. పెద్ద కులపోళ్ల పేరు వెనుక రావు, రెడ్డి, పటేల్ రాసిన కలమే మనోని పేరు పోశిగాడు, లచ్చిగాడు, ఎల్లిగాడు అని రాసింది. మనోళ్లు పోశయ్య, లక్ష్మయ్య, ఎల్లయ్య అయితే రాసెటోనికి నొప్పేంది? ఇది తిట్టుతోని ఆగలేదు. పాత పహాణీల ‘పోశిగాడు’, ఆధార్ కార్డుల ‘పోశయ్య’. ఇద్దరూ ఒక్కరే అని నువ్వే రుజువు చెయ్యి అంటున్నరు. తాతను అవమానం చేసిన మాట మనుమని భూమికి అడ్డం పడ్డది.

ఏం చెయ్యాలె? ఆఫీసుకు ఒక్కరు పోవద్దు, ముగ్గురు పోవాలె. కుర్చీ ఉంటే కూసోవాలె. ఇంటి పేరుతోని, ఊరి పేరుతోని, పూర్తి పేరు చెప్పాలె. ‘సార్’ అనుడు తప్పు కాదు, చేతులు కట్టుకునుడు అక్కర లేదు. ఇగ వాడలో ఇంటింటికి తిరిగి పహాణీల, పాసు పుస్తకంల, ఆధార్‌ల, రేషన్ కార్డుల, బడి రిజిస్టర్‌ల పేరు ఒక్క తీరుగ ఉన్నదా లేదా చూసి, లేనిదాన్ని పట్టీ రాయాలె. ఈ పని చదువుకున్న మన పిల్లలు నెల రోజులల్ల చేయగలరు.

రెండో గోడ: భాష

నిజాం రాజ్యంల కచేరీ భాష మొదట పారసీ, ఆ తర్వాత ఉర్దూ. రైతు మాట్లాడేది తెలుగు. 1921 నవంబర్‌ల హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌ల జరిగిన సభల అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగుల మాట్లాడితే ఎగతాళి చేసిన్రు. ఆ రోషంతోని ఆంధ్ర జనసంఘం పుట్టింది. చదువుకున్న వకీలుకే గంత అవమానం అయితే, మన వాడ మనిషికి ఏ కచేరీల మర్యాద దొరికింది? ఇంకో సంగతి కూడ చెప్పుకోవాలె. తెలుగు మాట కోసం పుట్టిన ఆ ఉద్యమమే పెరిగి 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ జరుపుకున్నది. అక్కడ భాగ్యరెడ్డి వర్మ మాట్లాడుతనంటే సనాతనులు గొడవ చేసిన్రు. అంటే భాష ఒక్కటైనంత మాత్రాన గోడ పోదు. తెలుగు లోపల కూడ కులం గోడ ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రంల 1966ల అధికార భాషా చట్టం వచ్చి తెలుగు అధికార భాష అయింది. అయినా భూమి కాగితాలల్ల సేత్వార్, ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ అట్లనే ఉన్నయి. వాటి మీద ఇంగ్లీషు వచ్చి కూసున్నది. దాని మీద కంప్యూటర్ వచ్చి కూసున్నది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చినప్పుడు మన రైతు తన భూమి తెర మీద ఉన్నదో లేదో తెలుసుకునేటందుకు మీసేవ దుకాణం కాడ నిలబడ్డడు. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజు, దాని జాగల భూభారతి వచ్చింది. మొదట ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాలల్ల మన ఎల్లారెడ్డి దిక్కు లింగంపేట ఒకటి. చట్టం పేరు మారుతది, పోర్టల్ పేరు మారుతది. మన మనిషికి తన సర్వే నంబరు, విస్తీర్ణం, ఆ భూమి పట్టానా, అసైన్డా, ఇనామా, ఈ మూడు తెల్వకపోతే ఏ పోర్టల్ వచ్చినా ఒక్కటే.

జుక్కల్, మద్నూర్ దిక్కు మరాఠీ, కన్నడ మాట్లాడే మనోళ్లున్నరు. తండాలల్ల లంబాడీ మాట్లాడే అక్కలున్నరు. అక్కడికి పోయి మనం పుస్తకం తెలుగు మాట్లాడితే మనం కూడ కచేరీ లెక్కనే అయితం. ఆ భాష వచ్చిన మనిషిని వెంట తీసుకపోవాలె, ముందట వాళ్లనే మాట్లాడనియ్యాలె.

ఆఫీసు తెలుగు ఒకటి ఉన్నది. అది తెలుగు లెక్క కనపడుతది, అర్థం కాదు. ఒక నమూనా చెప్త. ‘పై విషయమును పరిశీలించి తగు చర్య నిమిత్తము సంబంధిత అధికారికి పంపడమైనది’ అని ఉత్తరం వస్తది. మనోళ్లు పని అయిందనుకోని మురుస్తరు. అసలు అర్థమేంది? ‘నేనేమీ చెయ్యలేదు, ఇంకొకరికి తోసిన’ అని. అప్పుడు మనం అడగాల్సినవి మూడు: ఎవరికి పంపిన్రు? ఏ తేదీన? ఏ నంబరు మీద? ఈ మూడు అడిగితే తోసిన కాగితం కదులుతది.

మరి మన సంగతేంది? ‘ఆధిపత్య భావజాలం’, ‘అస్తిత్వ వేదన’, ‘నిర్మాణ బాధ్యతలు’ అని మనం కూడ మాట్లాడతం. ఇంటి ముందర కూసున్న అవ్వకు ఏమర్థమైతది? ఆమె చేతులు కడుక్కోని లేచిపోతది. పెద్ద మాట వాడొద్దంటలేను. వాడితే దాని పక్కన ఊరి ఉదాహరణ పెట్టాలె. ‘ఆధిపత్యం’ అంటే హోటల్ కాడ మనకు వేరే గ్లాసు పెట్టుడు అని చెప్తే అవ్వ ఇంకో పది ఉదాహరణలు మనకే చెప్తది.

మూడో గోడ: కాగితం

నోటి మాటకు ఆఫీసుల బరువు లేదు. ‘మొన్న వచ్చి చెప్పిన సార్’ అంటే ‘ఎప్పుడు చెప్పినవ్?’ అంటడు. అందుకే నేనొక్కటే చెప్త: మన మాటను కాగితం చెయ్యాలె, వాళ్ల కాగితాన్ని మాట చెయ్యాలె. ఇయ్యాల నా ఉపన్యాసంల మిగతాదంత మరిచిపోయినా ఇదొక్కటి యాది పెట్టుకోండి.

దరఖాస్తుకు ఇంగ్లీషు అక్కర లేదు, గ్రాంథికం అక్కర లేదు. ఎవరు, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూసిన్రు, మనం ఏం అడుగుతున్నం. ఈ ఆరింటికి జవాబు ఉంటే అది మంచి దరఖాస్తు. రెండు ప్రతులు రాయాలె. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీ వేసి ముద్ర, సంతకం తీసుకోవాలె. తీసుకోమంటే స్పీడ్ పోస్టుల పంపి రసీదు దాచాలె. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా అయిందాక ఎల్లారెడ్డి మనిషి కలెక్టర్‌ను కలవాలంటే నిజామాబాద్ పోవాల్సి వచ్చేది. ఇప్పుడు దూరం తగ్గింది. సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇయ్యొచ్చు. అయినా ఒక రోజు కూలి పోతది, బస్సు చార్జీ అయితది. రసీదు లేకుండ తిరిగి వస్తే ఆ కూలి నీళ్లపాలు అయినట్టే.

చదువు రానోళ్ల సంగతేంది అంటరు. చట్టం ఈ సంగతి ఆలోచించింది. 2005 సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ చూడండి. రాయడం రాని మనిషి నోటితోని అడిగితే, దాన్ని రాతల పెట్టడానికి సమాచార అధికారే సాయం చెయ్యాలె. తెలుగుల అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నవో చెప్పాల్సిన అవసరం లేదు. పంచాయతీ స్థాయిల ఫీజు లేదు, మండల స్థాయిల 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నోళ్లకు అదీ లేదు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

పోలీసు స్టేషన్ సంగతి ఇంకా గట్టిగ తెలుసుకోవాలె. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015ల సవరణ చేసిన్రు, 2016 జనవరి 26 నుంచి అది అమలుల ఉన్నది. దాని నాలుగో సెక్షన్ ఏమంటది? నువ్వు నోటితోని చెప్పింది అధికారి రాసుకోవాలె. రాసింది నీకు చదివి వినిపించాలె. ఆ తర్వాతనే నీ సంతకమో వేలిముద్రో తీసుకోవాలె. నకలు నీకు ఇయ్యాలె. బుద్ధిపూర్వకంగ ఇవి చెయ్యకపోతే, ఆ అధికారి ఎస్సీ, ఎస్టీ కానోడైతే, ఆరు నెలలకు తక్కువ కాకుండ ఏడాది దాక జైలు. స్టేషన్‌ల తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టుల పంపొచ్చు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి చెయ్యాలె. కాబట్టి అన్నలారా, చదివి వినిపించకుండ ఏ కాగితం మీద వేలు పెట్టొద్దు. ‘సార్, చదివి వినిపించుండ్రి’ అన్న ఒక్క మాట మన పోరల నుంచి ముసలోళ్ల దాక అందరికీ నోటికి రావాలె. నేరం కొట్టినోడు చేస్తడు, కేసు మాత్రం మొదటి కాగితంల చెడిపోతది. తిట్టిన కులం పేరు రాయరు, చూసినోళ్ల పేర్లు రాయరు, జాగ రాయరు. మూడేండ్ల తర్వాత కోర్టుల ‘ఇది మొదట్ల చెప్పలేదు గదా’ అని వకీలు అడుగుతడు. చెప్పినం, రాయలేదు. అదే మాట చేరకపోవుడు అంటే.

నాలుగో గోడ: మాట బంద్

అన్నిటికంటె ఎత్తు గోడ ఇది. మన ఉమ్మడి నిజామాబాద్ దిక్కు ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నయి. ఇవి పంచాయతీలు కావు. ఓటేసి ఎన్నుకున్నవి కావు. జరిమాన వేసే అధికారం ఏ చట్టమూ వీటికి ఇయ్యలేదు. అయినా కూలి పెంచమన్నందుకు, డప్పు కొట్టమన్నందుకు, జాగ అడిగినందుకు, కేసు పెట్టినందుకు వాడను వెలివేస్తరు. కిరాణం ఇయ్యొద్దు, కూలికి పిలవొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, మాట్లాడొద్దు. మాట్లాడినోనికి ఇంత జరిమాన అని చాటుతరు.

ఆలోచించుండ్రి, మాటకు వెల కట్టుడు అంటే ఇదే. కర్రతోని కొడితే దెబ్బ కనపడుతది, డాక్టర్ రాస్తడు. మాట బంద్ చేస్తే ఏ డాక్టర్ రాస్తడు? పసిపిల్ల దుకాణం కాడికి పోయి పాల పాకెట్ లేకుండ తిరిగి వస్తది. ఎందుకో ఆమెకు తెల్వదు. బడిల పక్కపొంటి కూసునే దోస్తు ఆ రోజు నుంచి వేరే బెంచి మీద కూసుంటడు. గుంటూరు జిల్లా చుండూరుల 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనోళ్లను నరికి చంపిన్రు. దానికి ముందు అక్కడ నడిచింది వెలివేతనే. మాట బంద్ అయిన ఊళ్లె తర్వాత కత్తి మాట్లాడుతది. కాబట్టి వెలి అంటే చిన్న తగాద అనుకోవద్దు. మొదటి రోజే కదలాలె.

2016 నుంచి ఈ వెలివేత, బెదిరించుడు కూడ, అత్యాచారాల చట్టం కింద నేరం. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ రెండూ అందుల ఉన్నయి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాక. మరి రుజువు ఎట్ల? చాటింపు వేస్తే ఫోన్‌ల రికార్డు చెయ్యాలె. మీటింగ్ ఎన్నడు, ఏ గుడి కాడ, ఎవరెవరు కూసున్నరు రాయాలె. సామాను ఇయ్యనన్న దుకాణం, తేదీ, టైం రాయాలె. వాట్సాప్‌ల పెట్టిన మెసేజ్ తుడిచిపెట్టక దాచాలె. రోజుకొక పేజీ రాసిన నోట్‌బుక్కు పది మంది సాక్షుల పని చేస్తది.

ఇంకొకటి. ఊళ్లె అందరూ మన శత్రువులు కారు. జరిమానకు భయపడి మాట బంద్ చేసిన బీసీ కూలోళ్లు, ముస్లిం అన్నలు, చాకలి, మంగలి కుటుంబాలు ఉన్నరు. ఆ కమిటీ ఇయ్యాల మనను వెలివేసింది, రేపు వాళ్లను వేస్తది. రాత్రిపూట అయినా, పొరుగూరి చుట్టాల ద్వారా అయినా వాళ్లతోని మాట తెగనియ్యొద్దు. వెలి బలమంత అందరూ పాటిస్తరన్న నమ్మకంల ఉన్నది. పది ఇండ్లు పాటించకపోతే అది కూలుతది.

ఐదో గోడ: మన లోపల

బయటి గోడలు చెప్పుకోని లోపలి గోడ దాచుడు న్యాయం కాదు. మన మీటింగ్‌ల అక్కలు ఎక్కడ కూసుంటరు? వెనుక. ఎవరు మాట్లాడతరు? మొగోళ్లు. నీళ్లు ఏ బోరుకాడ ఆపిన్రో, కూలి ఎంత తగ్గించిన్రో, ఎవడు చెడ్డ మాట అన్నడో అక్కలకు తెలుసు. తెలిసినోళ్లు వెనుక, తెల్వనోళ్లు ముందు కూసుంటే సంఘానికి సంగతి ఎట్ల తెలుస్తది? మన పక్క జిల్లా సంగారెడ్డి, జహీరాబాద్ దిక్కు మాచనూరుల 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దళిత అక్కలే నడిపే రేడియో. విత్తనాలు, పంటలు, పాటలు వాళ్ల యాసల వాళ్లే చెప్తరు. బడికి పోని చేతులు మైకు పట్టినయి. మరి మన మీటింగ్‌ల మైకు ఎందుకు పట్టవు?

రెండోది మాల, మాదిగ. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చింది, తెలంగాణల 2025 ఏప్రిల్ 14 నుంచి చట్టం వచ్చింది. దాని మీద మనలో ఒకొక్కరికి ఒక్కో అభిప్రాయం ఉండొచ్చు. వాదించుకుందాం. కాని ఊరోళ్లు మనకు పెట్టే మాట బంద్‌ను మనకు మనం పెట్టుకోవద్దు. ఇగ డక్కలి, మాస్టి, బైండ్ల వంటి చిన్న కులాలోళ్లు మన మీటింగ్‌లకే వస్తలేరు. మనం పిలుస్తలేం కాబట్టి.

మూడోది ఫోన్. ఇయ్యాల మన పిల్లల చేతిల డప్పు కంటె దూరం పోయే సాధనం ఉన్నది. మంచిదే. కాని ఎక్కడిదో పాత వీడియో పంపి ఊరు అంటించే పని కూడ దానితోనే అయితున్నది. ఎవరు తీసిన్రు, ఎప్పుడు, ఏ ఊరు, ఈ మూడు తెల్వనిది ముందుకు పంపొద్దు.

నేను బడిపంతులును, నా పని నుంచి ఒక్క మాట చెప్త. పాఠం చెప్పి ‘అర్థమైందా?’ అంటే పిల్లలంత ‘అయింది సార్’ అంటరు. ‘ఏం అర్థమైందో నువ్వు చెప్పు’ అంటే అప్పుడు బయటపడుతది. మీటింగ్‌ల కూడ అంతే. చప్పట్లు కొట్టిన్రంటే అర్థమైందని కాదు. మనం చెప్పింది వెనుక కూసున్న అక్క తన మాటలల్ల తిరిగి చెప్పినప్పుడు మన మాట చేరినట్టు. చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు, మళ్లీ చెప్పాల్సింది మనం.

చెయ్యాల్సిన పనులు

ఊరికి పోయినంక ఈ పనులు మొదలుపెట్టండి. ఒకటి, ప్రతి వాడకు ఒక కాగితాల పెట్టె, రసీదులు, నకళ్లు అందుల. రెండు, రాయగలిగినోళ్లు ఇద్దరు, అందుల ఒకరు ఆడపిల్ల. మూడు, పదిహేను రోజులకొకసారి ఈ పత్రిక, వచ్చిన సర్కారు ఉత్తరాలు చెట్టు కింద బిగ్గరగ చదువుడు, మన మాటలల్ల తిప్పి చెప్పుడు. నాలుగు, పేర్ల పట్టీ. ఐదు, మీటింగ్‌ల మొదటి మాట అక్కలది.

ఇవి చిన్న పనులు లెక్క కనపడుతయి. మన తాతలు ఊరందరి కబురు మోసిన్రు, వాళ్ల బాధ మాత్రం ఎవరూ వినలేదు. ఇప్పుడు మన కబురు మనమే మోద్దాం. డప్పుతోని మోద్దాం, పాటతోని మోద్దాం, కాగితంతోని మోద్దాం. ముద్ర వేయించుకోని రసీదు తెద్దాం.

జై భీమ్! జై జై భీమ్!